లాభం

ప్రెస్టన్ బస్ స్టేషన్లో టాయిలెట్ ఎన్నింటికి తెరుస్తారో
నన్నడగండి.
ఇరవై పెన్నీల బిళ్ళ ఎక్కడ కావాలో,
తాళం కోసం ఎక్కడ కాఫీ కొనాలో,
ఏ షాపులో సేల్స్ అమ్మాయి జాలిపడి
స్టాఫ్ తలుపు తీస్తుందో.
తొమ్మిదేళ్ళుగా ఈ ఊరిని
అలాగే నేర్చుకున్నాను.

నల్ల ప్యాంట్లు నాలుగు.
ఎండాకాలంలోనూ పొడుగు కార్డిగన్.
బస్సులో తలుపు పక్క సీటు.
తుమ్మొచ్చేలా ఉంటే కాలు మీద కాలు.
తుమ్మితే ఊడే ముక్కని సామెత కట్టినవాళ్ళు
ముక్కు దగ్గరే ఆగిపోయారు.

నవ్వు నాలుగు విధాల చేటనేది మా అమ్మ.
ఐదోది నాకు బేకరీలో తెలిసింది,
డెనీస్ మా మేనేజరులా నడిచి చూపించినప్పుడు.
చేతుల్లో బన్నుల ట్రే.
ట్రే పడలేదు.
ఆ రోజు నుంచి నేను నవ్వని మనిషిని.
"సువర్చల కొంచెం గంభీరం" అని
కొత్తగా చేరినవాళ్ళకి డెనీస్ చెబుతుంటే
కాదనలేదు.

మా ఆయనకి చెప్పలేదు.
చెత్తబుట్ట చెప్పే ఉంటుంది.
మంగళవారం రాత్రి బయట పెట్టేది ఆయనే.

డాక్టరమ్మ దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను.
మొదటిసారి మోకాలన్నాను.
రెండోసారి విటమిన్ డి.
మూడోసారి లేచి, తలుపు పిడి మీద చెయ్యేసి,
వెనక్కి తిరగకుండా చెప్పాను.
పదకొండు వారాలకి ఉత్తరం వచ్చింది.

ఫిజియో పేరు నెరిస్.
బల్ల మీద ప్లాస్టిక్ కటి ఎముక,
దాని అడుగున ఊయలలా కట్టిన ఎర్ర గుడ్డ.
బ్రెడ్డు అమ్మడానికి సరిపోయే నా ఇంగ్లీషు
ఇక్కడికి చాలదని
ఫోన్లో దుభాషిని పిలిచారు.
మగగొంతు.
"మేడమ్, ఒత్తిడి సమయంలో
మూత్ర విసర్జనపై... నియంత్రణ... అంటే..."
వార్తలు చదివినట్టు మొదలెట్టి
వార్తల్లో రాని చోట ఆగిపోయాడు.
"ఉచ్చ బాబూ" అన్నాను.
"దగ్గితే ఉచ్చ పడుతుంది. అంతే."
కాసేపు లైన్లో ఏమీ లేదు.
"అదేనమ్మా" అన్నాడు, ఊపిరి వదిలి.
తొమ్మిదేళ్ళు మోసింది
మూడేళ్ళ పిల్ల అరిచి చెప్పే మాట.

ఫోన్ పెట్టేశాక, తెర వెనక,
దగ్గమంది నెరిస్.
ఆ మాటకి దుభాషి అక్కర్లేదు.
కానీ దగ్గకుండా ఉండడమే కదా ఇన్నాళ్ళూ నా విద్య.
దవడ బిగుసుకుంది. పైకప్పు మీద పలకలు లెక్కపెట్టాను.
ఆమె ఆగింది. తొందరేం లేదన్నట్టు.
దగ్గాను.
కింద పరిచిన కాగితం తడిసింది.
చూసి రాసుకుంది,
బయట వాన పడుతోందని రాసుకున్నంత మామూలుగా.

కాన్పులో ఎన్ని కుట్లు పడ్డాయని అడిగింది.
నాలుగు కిలోల పిల్ల, పటకారుతో లాగారు.
కుట్లెన్నో నాకెవరూ చెప్పలేదు.

మూడు నెలలు కసరత్తు చెయ్యమంది.
అప్పటికీ ఆగకపోతే సర్జనుకి రాస్తానంది.
ఆగిపోతుందని మాటివ్వలేదు,
అందుకే నమ్మాను.

బిగించాలి, పది లెక్కపెట్టాలి, వదలాలి.
ఒకటి దగ్గరే చిక్కు.
బడిలో చిటికెన వేలు ఎత్తి అడిగిన ఒకటి,
దారంతా వెతుక్కున్న ఒకటి.
మా నాయనమ్మ కుంచంతో వడ్లు కొలిచేటప్పుడు
మొదటిదాన్ని ఒకటనేది కాదు.
లాభం, రెండు, మూడు...
బస్సులో, క్యూలో, ఒవెన్ గంట కొట్టేలోగా
ఎవరికీ కనపడకుండా కొలుస్తున్నాను.
లాభం, రెండు, మూడు, నాలుగు.
ఏడు దగ్గర జారిపోతుంది. మళ్ళీ లాభం.

ఆరో వారం.
డెనీస్ మళ్ళీ ఆ నడక నడిచింది.
ముందు ట్రే కింద పెట్టాను.
తర్వాత నవ్వాను,
ఆమె నడక ఆపి నన్ను చూసేంత గట్టిగా.

కొంచెం పడింది. కొంచెమే.
రాత్రి నెరిస్ ఇచ్చిన చార్టు తీసి
ఏం చేస్తుండగా అన్న గడిలో
తెలుగులో రాశాను:
నవ్వుతుండగా.