నీలం అట్ట పుస్తకం

ఒక్కో పిల్లకి ఒక నీలం అట్ట పుస్తకం ఇచ్చాం.
లోపల నాలుగు గళ్ళు:
తేదీ, చేసిన సేవ, ఎన్ని గంటలు, ఎవరికి.
ఏడాదికి ఇరవై గంటలు నిండితే
జెండా పండగనాడు స్టేజి మీద ఒక కాగితం.
సైన్సు చెప్పుకునే నన్ను దీనికి ఇన్‌ఛార్జిని చేశారు,
బహుశా స్టాఫ్‌రూములో నా కుర్చీ గుమ్మం పక్కనుండటం వల్ల.

మొదటి శనివారం లాకుల దగ్గర గుర్రపుడెక్క తీశాం.
గట్టు మీదే ఉండాల్సిన ఆడపిల్లలు
పది నిమిషాల్లో మొలలోతు నీళ్ళలో ఉన్నారు.
పొద్దు వాలేసరికి ట్రాక్టరుడు పచ్చటి కుప్ప.
పై నెలకి కాలవ మళ్ళీ పచ్చగా,
మేం వచ్చిన సంగతే తెలీనట్టు
ఊదా పూలు కూడా పెట్టుకుని.
"చేసిందే మళ్ళీ రాసుకోవచ్చాండి?" అంది జెస్సీరాణి.
రాసుకోమన్నాను.

ఆ తర్వాత హెడ్‌మాస్టారు
అవతలి ఒడ్డు ఇసకలంకని దత్తత తీసుకున్నారు.
అంత ఊరిని ఏ చంకనెత్తుకుంటారో అనుకున్నాను,
పైకి అనలేదు.
పంటు మీద ముప్పై ఇద్దరం,
"చేతులు కడుగుదాం" అని రాసిన అట్టలు గాలికి రెపరెపలాడుతూ.
ఓలేటి ధనరాజు రేవు దాకా వచ్చి
కడుపునొప్పండి అన్నాడు.
వాడిది ఆ లంకే.
రోజూ తొలి పంటుకి ఇటొచ్చే పిల్లాడు
ఆ రోజు మాతో అటు రాలేకపోయాడు.
నాకు అర్థం కాలేదు. వాడి పేరు పక్కన సున్నా చుట్టాను.

మూడో ఇంట్లో వాడి నాయనమ్మ పేరంటాలు.
చిరిగిన వల కాలివేలికి తగిలించి అల్లుకుంటూ
మా పిల్లలు చేతులు కడిగే తీరు చూపిస్తుంటే
వేలు వేలూ ఓపిగ్గా చూసింది.
"బాగుందమ్మా. మరి నీళ్ళో?" అంది.
పక్కన రొయ్యల చెరువులు తవ్వాక బోరు ఉప్పెక్కిపోయిందట.
మా అట్ట మీద బొమ్మ కుళాయి
ధారగా కారుతూనే ఉంది.

"మీ బడి నేనెరుగుదునండి" అంది మళ్ళీ తనే.
"వరదకి పై గదుల్లో పదకొండు రోజులున్నాం.
నీళ్ళు తీశాక కింద మోకాలెత్తు ఒండ్రు.
ఆడోళ్ళం పదిహేను మందిమి ఎత్తిపోసి బల్లలు కడిగాం.
నల్లబల్ల మీద ఆకు బొమ్మ ఒకటి సగం గీసుందండి,
పనికొచ్చేదేమోనని చెరపలేదు."

ఆ ఆకు నేను గీసిందే.
సెలవుల తర్వాత వచ్చి, గది శుభ్రంగా ఉంటే
పంచాయతీవాళ్ళు చేయించారనుకుని
ఈనెలు పూర్తిచేసి పాఠం మొదలెట్టాను.

తిరుగు పంటులో లెక్క కట్టాను:
పదిహేను మంది, నాలుగు రోజులు, పూటకి ఆరు గంటలనుకున్నా...
నీలం పుస్తకంలో అన్ని గీతలు లేవు.

సోమవారం ధనరాజు పుస్తకం అడిగాను. ఖాళీ.
"రోజూ బడి కుళాయిలో క్యాను పట్టుకెళ్తావు కదరా, నాయనమ్మకి?"
నిరుడు అందుకే వాణ్ణి ఎండలో నిలబెట్టింది నేనే.
"అది ఇంటి పనండి," అన్నాడు. "సేవ కాదు."
నా దగ్గర జవాబు లేదు.
బెల్లు కొట్టారు, బతికాను.

ఈసారి లంకకి అట్టలు తీసుకెళ్ళలేదు.
ల్యాబులో ఉప్పు కొలిచే మీటరు ధనరాజు చేతికిచ్చాను.
ముందు వాడు, వెనక మేం.
ఏ గుమ్మంలో కుక్క కరుస్తుందో వాడికి తెలుసు.
పద్నాలుగు బోర్లు, పద్నాలుగు అంకెలు.
జెస్సీరాణి గుండ్రటి రాతలో అర్జీ,
అడుగున పిల్లల సంతకాలు, పక్కన పదిహేను వేలిముద్రలు.
మండలాఫీసులో రసీదు ఇచ్చారు.
ఇప్పటికైతే అదొక్కటే వచ్చింది.

నాలుగో గడిలో "ఎవరికి" అన్నచోట
ధనరాజు చాలాసేపు పెన్ను నములుతూ కూర్చుని
"మాకు" అని రాశాడు.
మిగతా ముప్పై ఇద్దరూ వాడిది చూసి రాసేశారు.
కాపీ కొట్టారని తెలుసు.
దిద్దలేదు.

రేపు శనివారం. మళ్ళీ గుర్రపుడెక్క.