నడిమి కుట్టు

వారాసిగూడ సర్కారు బడికి
ఈసారి పుస్తకాలు లావుగా వచ్చాయి.
ఎడమ పేజీలో ఇంగ్లిషు, కుడి పేజీలో తెలుగు.
బొమ్మ మాత్రం రెండు వైపులా ఒకటే:
సముద్రం, మబ్బు, పైకి పోతున్న బాణం గుర్తులు.

కట్టలు దింపిన ఆటోవాలా
ఒకటి తిరగేసి చూసి
"రెండు పుస్తకాలు ఒక్క అట్టల కుట్టిన్రా సార్?" అన్నాడు.
అవునన్నాను.
కిరాయి మాత్రం ఒక్కదానికే ఇచ్చాను.

ఏడో తరగతి. మూడో పీరియడ్.
"ఇవాపొరేషన్" అన్నాను ఎడమవైపు చూసి.
నలభై ఇద్దరూ నా వెనకే అన్నారు
మొక్కుబడి తీర్చినట్టు.
పోనీలే అని కుట్టు దాటి కుడివైపుకు వచ్చాను.
"బాష్పీభవనం."
ఈసారి ఎవరూ అనలేదు.
ఒత్తులు నా నోట్లోనే గులకరాళ్లలా కదిలాయి.
అమ్మ భాష అని నేను నమ్మిన పేజీ
ఏ అమ్మ మాట్లాడే భాషో
ఆ కాసేపు నాకే అంతుపట్టలేదు.

నవనీత లేచింది.
చిలకలగూడ మూలమీద, నీలి పరదా కింద
వాళ్లమ్మది ఇస్త్రీ బండి.
"సార్, గదేనా?
నీళ్లు జల్లి పెట్టె వెడితే
చుయ్యిమని పోతదే, గది?"

అదే.
గదంతా తడిబట్ట కాలిన వాసన.

వెనక బెంచీలోంచి నుస్రత్
"భాప్ సార్, భాప్!" అని అరిచింది.
కుడి పేజీ వంక మళ్లీ చూశాను.
బాష్పం. భాప్.
ఇరవై రెండేళ్లుగా ఇదే పాఠం చెబుతూ
ఆ రెండూ ఒకే ఇంటి పిల్లలని
చూడనే లేదు నేను.

బోర్డు మీద అన్నీ రాశాను, చుయ్యితో సహా.
కింద ఒక గీత గీసి
"మీ ఇంట్లో ఏమంటారు సేవ్యా?" అన్నాను.
వాడు కిటికీ వైపు తిరిగి
"యాడిని అడిగొస్త సార్" అన్నాడు.

యూనిట్ టెస్టులో నవనీత రాసింది:
ఇస్త్రీ పెట్టె కింద నీళ్లు ఇవాపొరేషన్ అయితయి.
కీ కాగితంలో ఆ వాక్యం లేదు.
రెండుకు రెండు వేశాను.
ఏ మీడియంలో వేశావని
హెడ్‌మిస్ట్రెస్ అడిగితే ఏం చెప్పాలో
ఇంకా ఆలోచించలేదు.

సేవ్యా మర్నాడు బడికి రాలేదు.
ఆ మర్నాడు వచ్చి
"అడుగుడు మర్చిపోయిన సార్" అన్నాడు.

బోర్డు తుడుస్తూ
ఆ గీత దగ్గర ఆగాను.
దాన్ని అలాగే ఉంచి
చుట్టూ తుడిచాను.