భాగపరిష్కారం

చిత్తూరు సబ్ రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
జిరాక్సు మిషను వెనక నా కుర్చీ.
పద్నాలుగేళ్లుగా ఊళ్లోవాళ్ల పంపకాలు టైపు చేస్తున్నా.
తూర్పు: మునిరత్నం గట్టు. పడమర: బండ్ల బాట.
ఉత్తరం: వంక. దక్షిణం: ఇందులో రెండో పార్టీకి వచ్చిన భాగం.
ఎవరి మడి ఎంతో నా వేళ్లకు తెలుసు.
ఇప్పుడు నా లాప్‌టాప్‌కే పంపకం వచ్చింది.

పాతదాన్ని వదల్లేను.
పాత ఫాంట్లలో కొట్టిన దస్తావేజులన్నీ దాంట్లోనే తెరుచుకుంటాయి,
ఇంకోదాంట్లో పెడితే వెంకటమునికి కుమారుడు కాస్తా
కొక్కిరి గీతలవుతాడు.
కొత్తది ఊరికే వస్తుందట, తేలికట,
స్విచ్చి వేస్తే కాఫీ చల్లారేలోపు లేస్తుందట.
మా అక్క కొడుకు లోకనాథం మాట. పాలిటెక్నిక్ రెండో ఏడు.
వాడికి అన్నీ తేలికే.

"లోపలే ఒక గది బాడుగకిద్దాం చిన్నమ్మా" అన్నాడు ముందు.
పాతదాని కడుపులో కొత్తది.
గోడ పడగొట్టే పన్లేదు, నచ్చకపోతే ఖాళీ చేయించొచ్చు.
ఇచ్చి చూశాం. నాలుగు జీబీల ఇల్లు.
బాడుగామె పొయ్యి వెలిగిస్తే
ఇంటామెకి ఊపిరాడలేదు.
ఫ్యాను మాత్రం మామిడికాయల సీజన్లో
గుజ్జు ఫ్యాక్టరీలా అరిచింది.

తర్వాత పెన్‌డ్రైవు.
చుట్టంచూపుగా వచ్చి, చాప చుట్టి చంకన పెట్టుకుని పోతుంది.
మర్యాదగానే ఉంది. కానీ నిన్న చెప్పింది
ఇవాళ గుర్తుండదు దానికి.
పొద్దున లేస్తే నా పేరడిగే చుట్టంతో
ఎన్నాళ్లని వేగేది?

మిగిలింది గట్టు వెయ్యడమే.
నాకు దాని పేరే భయం. పార్టిషన్.
గుడిపాల అన్నదమ్ములిద్దరు
అడుగు గట్టు కోసం మూడు స్టాంపు పేపర్లు చింపించి
చివర్న సంతకానికి
నా బల్ల మీదున్న ఒకే పెన్నుకు ఇద్దరూ చెయ్యి చాపి
ఆగిపోయారు.
ఆ పెన్ను ఇంకా నా సొరుగులో ఉంది.

ఆదివారం. షట్టరు సగం దించి
ముందు అన్నీ ఇంకో డిస్కులోకి ఎత్తిపెట్టాను,
పంపకానికి ముందు నగలు పక్కింట్లో దాచినట్టు.
నూటయాభై పాతదానికి. ఎనభై కొత్తదానికి.
మిగిలిన ఇరవయ్యారు ఏం చేద్దామన్నాడు లోకనాథం.
"బావి" అన్నాను.
వాడికి అర్థం కాలేదు.
ఇద్దరూ తోడుకునేదిరా. రాస్తాం కదా చివర్లో,
బావి, మోటరు, నడిచే దారి ఉమ్మడి అని.

గీత జరుగుతున్నంతసేపూ
కరెంటు పోకూడదని గంగమ్మకు మొక్కుకున్నాను,
నా దాంట్లో బ్యాటరీ చచ్చి మూడేళ్లు.
పోలేదు.
మొక్కు ఇంకా తీర్చలేదు.

ఇప్పుడు స్విచ్చి వేస్తే నల్లటి తెర మీద రెండు పేర్లు,
పది నుంచి కిందికి లెక్క.
ఎదుట కూర్చున్న ముసలాయన తొంగిచూసి
"ఏమ్మా, చెడిపోయిందా?"
"లేదు సామీ, ఈ పొద్దు ఎవరి వంతని అడగతా ఉండాది."
ఆయన సంచిలోంచి మడతలు నలిగిన పట్టా తీసి
బల్ల మీద చేత్తో సాపు చేస్తూ
"మా ఇంట్లో ఎవురూ అడగలేదు" అన్నాడు.
ఏడు. ఆరు.