పూచీ లేదు

తెల్లారి ఐదున్నరకి క్లైన్‌బాయ్ రేవులో
వచ్చినవాళ్లకి నేనే మొదటి ముఖాన్ని.
ఒక చేతిలో కాఫీ ఫ్లాస్కు, ఇంకో చేతిలో కాగితాల కట్ట.
పేరు, దేశం, రక్తం గ్రూపు,
ఏమన్నా అయితే ఎవరికి చెప్పాలి.
అక్కడికి రాగానే అందరూ కాస్త నవ్వుతారు.
నిన్న ఒకాయన ఆ గడిలో తన కుక్క పేరు రాశాడు.

అడుగున చిన్న అక్షరాల్లో
జరిగేదానికి కంపెనీ పూచీ లేదని ఉంటుంది.
చదివినవాళ్ల కళ్లు మెరుస్తాయి,
డబ్బు కట్టింది ఆ వాక్యానికే అన్నట్టు.

వెనక డెక్కు మీద రొవీనా కొడుకు
సార్డీన్ తలకాయలు దంచుతుంటాడు.
నెత్తురు, నూనె, ఉప్పునీళ్లు,
చెంబుడు చెంబుడు సముద్రంలో పోస్తాడు
పెళ్లివారికి పన్నీరు చల్లినట్టు.
పిలిస్తే రాదూ మరి?
వచ్చాక, తాడుకి కట్టిన ట్యూనా తలని
మూతి దాకా ఊరించి లాగేస్తాడు.
తిననివ్వకూడదు, రూలు.
విస్తరి ముందు కూర్చోబెట్టి లేపేస్తే
మనుషులైతే తరాలపాటు చెప్పుకుంటారు.

బోను ఊచకి పళ్లు తగిలిన చప్పుడు
వీడియోలో పడాలి. పడకపోతే
సగం డబ్బు వెనక్కిమ్మంటారు.

ఆ రాతిగుట్టకి అవతల, అదే నీళ్లలో
నాచు అడవి కింద మా తమ్ముడు కీనన్
పెర్లమూన్ చిప్పల్ని స్క్రూడ్రైవరుతో పెళ్లగిస్తుంటాడు.
లైసెన్సు లేదు, బోను లేదు,
కూతురి బడి ఫీజు ఉంది.
మొన్న వాడి సూటు మోకాలి దగ్గర చీలి వచ్చింది.
రాయి, అన్నాడు.
అమ్మ నల్లదారంతో కుట్టింది.
చెంబుల వాసనకే ఇటు మళ్లుతున్నాయని రేవులో వాళ్లు,
రుజువేదని యజమాని,
ఇంకా చూడాలని శాస్త్రం చదివిన అమ్మాయి.
నేనా? నాకు ఒకటో తారీకున జీతం పడుతుంది.

జూలైలో అలలు ఐదు మీటర్లు లేచాయి.
స్కిప్పర్ వద్దన్నాడు.
"సంతకం పెట్టాంగా, చస్తే మేమే చస్తాం"
అన్నాడు ఎర్రజాకెట్టాయన.
ఆయన చావుకి ఆయన ఒప్పుకున్నాడు, బాగుంది.
వెతకడానికి లైఫ్‌బోటు ఎక్కాల్సింది
బేకరీ లెస్టరూ, స్కూలు బస్సు డ్రైవరూ,
ఇంకా మీసాలు రాని వాళ్ల మేనల్లుడూ.
వాళ్లకి నేను ఏ కాగితమూ ఇవ్వలేదు.

ఇవాళ ఒక ఖాళీ ఫారం మడిచి ఇంటికి తెచ్చాను.
కీనన్ పేరు రాశాను.
ఎవరికి చెప్పాలి దగ్గర నా నంబరు వేశాను.
సంతకం దగ్గర ఆగిపోయాను.
లోపల వాడు స్నానం చేస్తున్నాడు,
తలుపు సందులోంచి నాచు వాసన.
రేపు పడమటి గాలి తక్కువట.
పన్నెండుమంది బుక్ చేసుకున్నారు.