బీడీ గడప బయట

కూర్మనాథం గారి మొదటి పాఠం
తుపాకీ గురించి కాదు, జేబు గురించి.
"అగ్గిపెట్టి తీసి అరుగు మీద ఎట్టు. బీడీ కూడానూ.
గడప దాటాక నీ కాడ నిప్పుండకూడదు,
కోపంతో కలిపి."

గుణుపురంలో మా వీధివాళ్లకి
పావురాల పిచ్చి ఉంది, పుంజుల పిచ్చి ఉంది,
పేకాట సరేసరి.
నాకు నలభై మూడో ఏట ఇది పట్టింది:
పేలిపోయిన తూటాని మళ్లీ తూటా చెయ్యడం.

మామయ్య పోతూ ఒంటిగొట్టం తుపాకీ వదిలాడు.
లైసెన్సు నా పేరు మీదికి రావడానికి
రాయగడ కచేరీ మెట్లు రెండేళ్లు ఎక్కాను.
ఒడియాలో అర్జీ, తెలుగులో తిట్లు,
చివరికో గుండ్రటి ముద్ర.
దాంతోపాటు బిస్కెట్ల డబ్బాలో
పంతొమ్మిది ఇత్తడి తూటాలు,
ఖాళీవి, నల్లబడ్డ నోళ్లతో.

వారం రోజులు మందు మొహమే చూపించలేదు.
చింతపండుతో తోమించాడు.
హేమసుందరి గుమ్మంలో నిలబడి
"నా బిందె ఎన్నడైనా ఇంతలా తోమావా?" అంది.
నిజమే.
ఆ రాత్రి బిందె కూడా తోమాను.

తరవాత వినడం.
ఒక్కో తూటానీ గచ్చు మీద వేలెత్తు నించి వదలాలి.
బాగున్నది గజ్జెలా పలుకుతుంది,
బీటపడ్డది పొడిదగ్గు దగ్గుతుంది.
పంతొమ్మిదిలో నాలుగు దగ్గాయి.
"ఆటి మీద జాలి పడకు.
జాలి పడ్డోడి ఏళ్లే ఎగిరిపోతాయి" అని
ఎడమచెయ్యి బల్ల మీద పరిచాడు.
చూపుడువేలు సగమే ఉంది.
ముప్పై ఏళ్లుగా ఎరుగుదును ఆయన్ని,
సంతలో వంకాయలు ఏరుతుంటే పక్కనే నించున్నాను,
ఆ వేలిని మాత్రం ఆవేళే చూశాను.

త్రాసు పొట్నూరు అప్పలాచారి దగ్గర అరువు.
బంగారం తూచి తూచి గర్వం పట్టిన త్రాసు,
ఊపిరి తగిలినా తల తిప్పుకుంటుంది.
ముక్కుపుడకలు కూర్చున్న పళ్లెంలో
ఇప్పుడు నల్లటి మందు.
"ఎంత వెయ్యాలి?" అన్నాను.
"నోటిమాట మీద ఏసేది కూరలో ఉప్పు.
ఇది కాయితం చూసి, తూచి, మళ్లీ తూచి.
ఇంకొంచెం ఏద్దామనిపించిందా,
లేచి బయటికెళ్లి బీడీ కాల్చుకో."

మందుకీ సీసపు రవ్వలకీ నడుమ ఒక అట్టబిళ్ల,
రవ్వల మీద మూతలా ఇంకొకటి.
అట్ట కోసం ఆయన దాచినవి పాత శుభలేఖలు.
ఇనప పోగరతో దెబ్బకొక చందమామ:
ఒకదాని మీద "ముహూ",
ఒకదాని మీద "సౌ",
ఒకదాని మీద ఎవరిదో ఇంటిపేరు, తల లేకుండా.
పసుపంటిన మూల వస్తే పక్కన పెట్టబోయాను.
"ఏసీ. పసుపని తూటాకేటి తెలుస్తాది?"
"వీళ్లంతా కలిసే ఉన్నారా?" అడిగాను.
"కొందరు" అని పోగర ఎత్తాడు.

పదిహేను తూటాలు నోటికి మైనం రాసుకుని
ఏమీ చెప్పమని ఒట్టేసుకున్నట్టు నిలబడ్డాయి.
ఆ సాయంత్రమే ఠాణా నించి కబురు:
ఎన్నికలు, ఆయుధాలు అప్పగించండి.
రైటరు ఒకదాన్ని తిప్పి చూసి
"ఏఇటా కణ?" అన్నాడు, పైన అక్షరం చూపించి.
"సౌ. అంటే సౌభాగ్యవతి" అని చెప్పాను.
రసీదులో అది రాయలేదు.

రెండు నెలల తరవాత,
వంశధార అవతల పాడుబడ్డ రాతిక్వారీలో
నలభై అడుగుల దూరాన ఒక కుండ.
పేల్చాను. పొగ తెల్లగా, తీరుబడిగా లేచింది.
కుండ అలాగే ఉంది.
ఆయన కుండకేసి చూడనే లేదు.
గొట్టంలోంచి తూటా లాగి,
చల్లారనిచ్చి,
రాయి మీద వేలెత్తు నించి వదిలాడు.
పలికింది.

గడ్డిలో ఒక బిళ్ల అంచు కాలుతోంది.
చెప్పుతో ఆర్పి నా చేతికిచ్చాడు.
అక్షరమేమీ మిగల్లేదు,
ఒక పక్క కాస్త పసుపు.
"ఇప్పుడు కాల్చుకో" అని బీడీ అందించాడు.
ముట్టించకుండా చెవి మీద పెట్టుకుని
ఇంటికి ఫోను చేశాను,
చింతపండు నానబెట్టమని.