మూడిళ్ళ విత్తనం

తుఫాను వెళ్ళిన మూడోనాడు
కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో లెక్క రాశాను:
తడిసిన పిక్కలు, నాలుగొందల పన్నెండు బస్తాలు.
ఎగిరిన రేకులు, లెక్కకు దొరకలేదు.
కరెంటు, ఎప్పుడో తెలీదు.
సూరత్ సేటు ఫోను, "మాల్ ఎప్పుడు?"
అదీ రాశాను. జవాబు గడి ఖాళీ.

ఒకటే గోడౌను మాకు,
ఒకటే రోడ్డు, ఒకటే లారీ మనిషి,
ఉద్దానం తోటల్నే నమ్ముకున్న ఒకటే గొలుసు.
చెట్లు వేళ్ళతో సహా పడుకున్నాయి.
ఒక్క కొక్కెం ఊడితే
మిగతా ఇనుమంతా ఉత్త బరువు.

విశాఖ నుంచి ఒక కన్సల్టెంటు వచ్చి
గోడ మీద బాణాలు, గళ్ళు గీసి వెళ్ళాడు.
జీడిసొన తిన్న వేళ్ళతో
పప్పు వొలుస్తూనే దాలమ్మ అంది:
"ఈపాటి దానికి గోడెందుకు బాబూ?
మాం ఇత్తనాలు మూడిళ్ళల్ల దాస్తాం.
ఒకిల్లు ములిగినా, ఒకిల్లు కాలినా
మూడోదాన్ల నారు మిగుల్తాది."

పొట్నూరు కామరాజుగారు నవ్వలేదు.
ఆ ఏడు సరుకు మూడు చోట్లకి పోయింది:
మెళియాపుట్టి వైపు గట్టు మీద కొంత,
టెక్కలిలో కొంత,
పాతికేళ్ళుగా పలకరింపు లేని
బెహరా వాళ్ళ షెడ్డులో కొంత.
వాళ్ళ బస్తాలు మా దగ్గర.
సరిహద్దు గోడ కేసు మాత్రం
కోర్టులో అలాగే నడుస్తోంది.

జనరేటరు దిమ్మ నడుమెత్తు లేచింది.
డీజిలు డ్రమ్ములు మేడెక్కాయి.
ఫోను నంబర్లు కాగితం మీదకి దిగాయి,
టవరు పడితే సెల్లు సబ్బుబిళ్ళే కదా.

మొన్న అక్టోబర్లో మళ్ళీ ఒకటొచ్చింది.
బారువ దగ్గర రోడ్డు కోసుకుపోయింది.
నాలుగోరోజు పొద్దున్నే
టెక్కలి నుంచి మా లారీ కదిలింది.
సేటుకి జవాబు రాశాను, గడి నిండా.
ఓనరు నాకు టీ తెప్పించారు,
తన జేబులోంచి.

ఆ సాయంత్రం
వొలుపు పీటలు సగం ఖాళీ.
దాలమ్మ ఆలస్యంగా వచ్చింది,
కొంగు ఇంకా తడి.
పుస్తకం చదవమంది. చదివాను.
చివరిదాకా విని అడిగింది:
"రేకులున్నాయి, బస్తాలున్నాయి, లారీ ఉంది.
నా ఇంటి తాటాకు
ఏ కాయితంల ఉంది బాబూ?"

కొత్త పేజీ తిప్పాను.
ముప్ఫై ఏడు పేర్లు.
పేరు పక్కన ఇల్లు,
ఇంటికి ఏరు ఎంత దూరం,
పని ఆగిన రోజుకి కూలి ఎంత.
ఆ ఆఖరి గడి దగ్గర పెన్ను ఆగింది.
ఓనరు గదిలో
లైటు వెలుగుతూనే ఉంది.
పుస్తకం చంకన పెట్టుకుని
లేచాను.