ఆరు ముఖాల కార్డు

సోల్ నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ
చార్టు మీద ఫోను పెట్టి చూసి,
"పదకొండో మంచానికి పేరు లేదంటోందేం?" అంది.
లేకపోవడమే పేరు, డాక్టర్.
నేర్గుయ్. పేరులేనివాడు.
ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు.
మూడోవాణ్ణి చావు పేరుపెట్టి పిలవకుండా
వాళ్ళమ్మ అలా దాచుకుంది.

పన్నెండేళ్ళు, ముప్పై కిలోలు.
చలికాలపు పందెంలో మంచుగడ్డ మీద గుర్రం జారింది.
కుడి తొడ ఎముక.
ఇప్పుడు కాలికి అడ్డంగా ఒక కడ్డీ, తాడు, కప్పీ,
మంచం చివర వేలాడే మూడు కిలోల బరువు.
కిటికీ అవతల ఉలాన్‌బాతర్ కనపడదు,
దాని బొగ్గుపొగే కనపడుతుంది.
ఆ పొగ తాగిన పసివాళ్ళు మిగతా మంచాల నిండా,
డొక్కలు ఎగరేస్తూ.

నొప్పెంతో అడగడానికి మా దగ్గరో కార్డుంది.
ఆరు ముఖాలు, నవ్వు నుంచి ఏడుపు దాకా.
నాలుగు గంటలకోసారి చూపిస్తాను.
ప్రతిసారీ వాడి వేలు మొదటి నవ్వు మీదే.
దుప్పటి కింద రెండో చెయ్యి
మంచం ఇనుపపట్టీని నలుపుతూ ఉంటుంది.
నాడి నూట ముప్పై.
నేను నాడినే నమ్మాను.

నీళ్ళు ముట్టట్లేదు.
జ్వరమా అని చూశాను, వికారమా అని అడిగాను.
రెండో రోజు సాయంత్రానికిగాని తట్టలేదు,
ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది:
పన్నెండేళ్ళవాడికి
విరిగిన కాలికన్నా బెడ్‌పాన్ బరువు.

తెర లాగాను.
కుళాయి ధారగా విప్పి వదిలేశాను,
ఏ చప్పుడు ఏదో తెలియకుండా.
వీపు తిప్పి నిలబడి
చేతులు కడుక్కున్నాను, కడిగినవే మళ్ళీ మళ్ళీ.
ఆ రాత్రి మూడు గ్లాసులు తాగాడు.

తల్లి దోర్నోద్‌లో. గొర్రెలు ఈనే రోజులు,
మంద వదిలి కదల్లేదు.
గుట్టెక్కితేగాని సిగ్నల్ అందదు.
"తింటున్నాడా" వరకూ వినిపించింది,
"ఏడుస్తు" దగ్గర గాలి కోసేసింది.
"ఏడవట్లేదని చెప్పు" అని ఫోను నా చేతికిచ్చాడు.
చెప్పాను.
అప్పటికే లైను లేదు.

అర్ధరాత్రి దాటాక
కడ్డీ చుట్టూ ఉప్పునీటి దూదితో తుడుస్తున్నాను.
పంటిబిగువున పైకప్పు చూస్తూ ఉన్నాడు.
"గుర్రానికి కాలు విరిగితే ఏం చేస్తారో తెలుసా?"
తెలుసు.
"మా జేగురుది ఏమైందో ఎవరూ చెప్పట్లేదు."
నాకూ చెప్పలేదు, అన్నాను.
బాగుందిలే అని ఒక్కమాట అనొచ్చు.
అది నోటిదాకా వచ్చింది కూడా.

దూది పారేసి, గ్లవుజులు తీశాను.
"కార్డేదీ?" అన్నాడు. తనంత తనే.
వేలు నవ్వు దాటింది, మూడు దాటింది,
అయిదో ముఖం మీద ఆగింది.
కాలా? అని అడిగాను.
జవాబు లేదు. వేలు తియ్యలేదు.

చార్టులో కాలికి గడి ఉంది,
రాసిన మందుంది, అది ఇచ్చాను.
రెండోదానికి ఏమీ రాసి లేదు.
కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
పుట్టిన రోజే అది లేచి నిలబడిందట,
వెనకకాళ్ళు ముందు.
ఎవరైనా అలా లేస్తారా, అని వాడే నవ్వి
నవ్వు సగంలో ముఖం అటు తిప్పుకున్నాడు.

నాలుగో మంచం దగ్గర అలారం.
పసిదాని ముక్కు గొట్టం మళ్ళీ ఊడింది.
లేవనా వద్దా అని నేను చూస్తుంటే
చొక్కా చేతితో ముఖం తుడుచుకుని,
వేలాడే బరువు వైపు గడ్డం ఎత్తి అన్నాడు:
"వెళ్ళు.
నేనెక్కడికీ పోనుగా."